పాత రైడింగ్ మోవర్ డెక్ తుప్పు పట్టి చిల్లులు పడింది, బాగుచేయించొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: నల్లగొండ దగ్గర బత్తాయి తోటలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న మిషన్, కూర్చుని నడిపేది, రెండు బ్లేడ్లు. డెక్, అంటే బ్లేడ్ల మీద కప్పులా ఉండే రేకు, అక్కడక్కడ చిల్లులు పడింది, గడ్డి ఒక పక్క ఎత్తుగా మిగులుతోంది, బ్లేడు ఆన్ చేస్తే సీటు దాకా వణుకు వస్తోంది. ఆ మోడల్‌కు కొత్త డెక్ దొరకడం లేదు.

చేయించొచ్చు. జడ్చర్ల వైపు ఒక మామిడి తోటలో ఇలాంటి మిషన్ బాగోగులు నేనే చూస్తాను, దాని డెక్‌లో ఇప్పుడు కంపెనీ రేకు కంటే మేం వేసిన అతుకులే ఎక్కువ. చిల్లుల గురించి టెన్షన్ వద్దు. చూడాల్సింది స్పిండిల్, అంటే బ్లేడును మోసే ఇరుసు, కూర్చునే చోటు. దాని హౌసింగ్ (బేరింగులు కూర్చునే గుల్ల) బిగించిన రేకు గట్టిగా, చదునుగా ఉంటే మిగతాదంతా కప్పు కిందే లెక్క, ఎన్ని అతుకులైనా పడతాయి.

వెల్డర్ దగ్గరికి పోయే ముందు ఒక పని చేయండి. నాలుగు టైర్లలో గాలి సరిచూడండి. వెనక ఒక టైరులో గాలి తగ్గినా గడ్డి ఒక పక్క ఎత్తుగానే మిగులుతుంది. తర్వాత ఇంజిన్ స్పార్క్ ప్లగ్గు వైరు పీకేసి, చేతికి మందం గ్లవుజు వేసుకుని బ్లేడు కొన పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. టకటకమంటే బేరింగ్ పోయింది. ఊగింది హౌసింగ్‌తో పాటు రేకు కూడా అయితే స్పిండిల్ కూర్చునే చోటే పోయింది. వణుకు ఎక్కడిదో తేల్చుకోవాలంటే బ్లేడు ఒక కొన నుంచి చదునైన నేలకు ఎత్తు కొలిచి, బ్లేడును సగం తిప్పి రెండో కొనను అదే చోట కొలవండి. తేడా వస్తే బ్లేడు వంగింది, లేదా స్పిండిల్ వంగింది. కొత్త బ్లేడు వేసినా తేడా అలాగే ఉంటే స్పిండిల్‌దే తప్పు. మన చల్క నేలల్లో గడ్డి చాటున గులకరాళ్లు ఉంటాయి కాబట్టి ఇది మామూలే.

డెక్‌ను మిషన్ నుంచి పూర్తిగా దించాలి. కింద దూరి వెల్డింగ్ చేస్తామంటే ఒప్పుకోవద్దు. పైన పెట్రోలు ట్యాంకు, చుట్టూ ఎండుగడ్డి. దించాక స్పిండిళ్లు, పుల్లీలు కూడా విప్పేయండి. బేరింగ్ ఉండగానే వెల్డింగ్ చేస్తే, ఎర్త్ క్లాంపు ఎక్కడో పెడితే, కరెంటు బేరింగ్ గుండా పోయి లోపలి గోళీలకు గుంటలు పడతాయి. కొత్త బేరింగైనా కొన్నాళ్లకే గరగరమంటుంది.

ఇప్పుడు సుత్తి తీసుకుని డెక్ అంతా కొట్టుకుంటూ పోండి. మంచి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డొల్లగా పలుకుతుంది, ఒక్కోసారి సుత్తి లోపలికే దిగుతుంది. దిగనీయండి. ఆ చోటంతా గ్రైండర్‌తో మంచి రేకు వచ్చేదాకా కోసేయాలి. మన దగ్గర గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డర్లు చిల్లు మీద ముక్క పెట్టి చుట్టూ రాడ్ తిప్పేస్తారు. కుళ్లిన రేకు మీద వేసిన అతుకు వచ్చే వానాకాలానికి ముక్కతో సహా ఊడుతుంది. 3 మి.మీ. ఎమ్మెస్ (మామూలు ఇనుప) షీటు చాలు, మూలలు గుండ్రంగా కోయించండి. వెల్డింగ్ రాడ్ 2.5 మి.మీ., 6013 రకం, 70-80 ఆంపియర్లు. గేట్ల పనికి పెట్టిన కరెంటుతోనే మొదలుపెడితే పాత రేకు కరిగి ఇంకో చిల్లు పడుతుంది. ఒకే గీతగా లాగొద్దు, ఇక్కడో అంగుళం అక్కడో అంగుళం వేస్తూ చల్లారనివ్వాలి, లేకుంటే డెక్ మెలి తిరుగుతుంది. పగుళ్లుంటే పగులు చివర చిన్న రంధ్రం వేశాకే వెల్డింగ్. ముక్క పై నుంచి పెట్టించండి. లోపల అంచు లేస్తే గడ్డి అక్కడే పేరుకుంటుంది. గాల్వనైజ్డ్ రేకు ముక్కలు మాత్రం వాడనివ్వకండి, ఆ జింకు పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం గ్యారంటీ.

స్పిండిల్ సీటు పోయిన చోట 5 లేదా 6 మి.మీ. ప్లేటు రింగులా కోయించి వేయాలి. ఆ ప్లేటు హౌసింగ్‌కు, రేకుకు మధ్య రాకూడదు. వస్తే ఆ బ్లేడు, పుల్లీ పక్కదాని కంటే 6 మి.మీ. ఎత్తు మారతాయి, బెల్టు వంకర నడుస్తుంది, కోత మెట్లు పడుతుంది. రేకుకు రెండో వైపు వేయండి. ట్యాకులు (ముందు నిలబెట్టే చుక్క వెల్డింగులు) వేసేటప్పుడు బేరింగ్ లేని ఖాళీ హౌసింగ్‌ను బోల్టులతో బిగించి ఉంచితే బోల్టు రంధ్రాలు, సెంటరు జరగవు. ట్యాకులయ్యాక హౌసింగ్ తీసేసి ఫుల్ వెల్డింగ్, ఆ తర్వాత హౌసింగ్ కూర్చునే ముఖాన్ని రైట్‌యాంగిల్ పెట్టి చూస్తూ చదును చేయడం. గంట ఎక్కువ పట్టినా ఇక్కడ తొందరపెట్టొద్దు.

బేరింగులకు కంపెనీ పార్టు కోసం తిరగక్కర్లేదు. రింగు మీద నంబరు ఉంటుంది, ఇలాంటి మిషన్లలో ఎక్కువగా 6203 లేదా 6204. మోటార్లకు వేసేవే, నల్లగొండలోనే ఏ బేరింగ్ షాపులోనైనా దొరుకుతాయి, లేదంటే సికింద్రాబాద్ రాణిగంజ్. రెండు పక్కలా రబ్బరు సీలు ఉన్నవే అడగండి, రేకు మూత ఉన్నవాటిలోకి గడ్డి దుమ్ము దూరుతుంది. హౌసింగ్‌లో బేరింగ్ లూజుగా తిరిగితే లేత్ మీద బోరు చేయించి బుష్ (లోపల ఇరికించే గొట్టం ముక్క) కొట్టించాలి. చాలా హౌసింగులు అల్యూమినియంవి, మామూలు రాడ్డుతో వాటిని అతికిస్తానంటే నమ్మకండి. బెల్టు విషయంలో మాత్రం మోవర్ డెక్‌కు చెప్పిన బెల్టే వేయండి. మిర్యాలగూడలో రైస్ మిల్లు బెల్టు సైజుకు సరిపోతుంది కానీ, ఇక్కడ ఐడ్లర్ పుల్లీ (బెల్టును బిగువుగా ఉంచే చక్రం) బెల్టును వీపు వైపు నొక్కుతుంది, ఆ మడతలకు అది నిలవదు.

అంచుల్లో చిన్న చిల్లులే కదా, ఎపాక్సీ ముద్దతో పూడ్చేద్దామనిపిస్తుంది. వద్దు. అర మీటరు బ్లేడు నిమిషానికి 3000 సార్లు తిరిగితే కొన వేగం గంటకు 280 కిలోమీటర్లు దాటుతుంది. ఆ దెబ్బ తిన్న రాయిని ఆపేది ఈ రేకే. మీ కాళ్లు దాని పైనే ఉంటాయి. అందుకని గడ్డి బయటికి పడే చోటి రబ్బరు పలక కూడా లేకపోతే ముందు అది పెట్టించండి.

పెయింటు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు: గ్రైండర్‌కు పెట్టే కప్ బ్రష్‌తో తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్, పైన ఎనామిల్. లోపలి వైపు ఎలాగూ ఇసుకకు లేచిపోతుంది. డెక్‌ను తిన్నది అసలు వాన కాదు, పైన బెల్టు కవర్ల కింద పేరుకుని తడిగా ఉండిపోయే గడ్డి. గడ్డి కోత కాగానే కవర్లు తీసి ఊదేయండి, బోరు నీళ్లతో కడిగి మూత పెట్టొద్దు.

తిరిగి బిగించాక డెక్ వేలాడే లింకుల పిన్ను రంధ్రాలు కోలగా సాగాయేమో చూసి కొత్త పిన్నులు వేయండి. అడ్డంగా రెండు పక్కల బ్లేడు ఎత్తు సమానంగా, ముందు కొన వెనక దానికంటే 3 నుంచి 6 మి.మీ. కిందికి ఉండాలి. మొదటి రోజు ఖాళీ స్థలంలో నడపండి, తోటలో డ్రిప్ పైపుల మధ్య కాదు. స్పిండిల్‌కు పైపు చుట్టుకుంటే కొత్త సీళ్లు ఆ రోజే పోతాయి.