ఎన్‌ఐపీటీలో డౌన్ సిండ్రోమ్‌కి హై రిస్క్ వచ్చింది, వెంటనే గర్భం తీయించేయాలా?

మీ ఆవిడకి 25 ఏళ్లు, 13వ వారం, స్కాన్ బాగుంది, ఎన్‌ఐపీటీలో (తల్లి రక్తంతో చేసే స్క్రీనింగ్ పరీక్ష) మాత్రం హై రిస్క్ వచ్చింది, చెన్నైలో మీ ఇంటి పెద్దవాళ్లు ఆలస్యం వద్దంటున్నారని రాశారు.

వద్దండి. ఆ ఒక్క కాగితం పట్టుకుని గర్భం తీయించకండి. కౌన్సెలింగ్‌లో తరచూ ఎదురయ్యే తప్పు ఇదే. ఎన్‌ఐపీటీ లెక్కపెట్టేది తల్లి రక్తంలో తేలే డీఎన్‌ఏ ముక్కల్ని. గర్భానికి సంబంధించిన ముక్కలు వచ్చేది ప్రధానంగా మాయ (ప్లాసెంటా) నుంచి, బిడ్డ నుంచి కాదు. మాయలో తేడా ఉండి బిడ్డ మామూలుగా ఉండొచ్చు.

లెక్క చూడండి. 25 ఏళ్ల వయసులో డౌన్ సిండ్రోమ్ సుమారు వెయ్యి గర్భాలకి ఒకటి. పరీక్ష వెయ్యికి ఒక్కసారే పొరపాటున హై రిస్క్ చూపించినా, హై రిస్క్ వచ్చిన ఇద్దరిలో ఒకరి బిడ్డకి ఆ సమస్య ఉండదు. అదే 40 ఏళ్లలో అయితే డౌన్ సిండ్రోమ్ ఎక్కువ కనుక హై రిస్క్ చాలావరకు నిజమవుతుంది. ల్యాబ్ వాళ్లు చెప్పే 99 శాతం, సమస్య ఉన్నవాళ్లలో ఎంతమందిని పట్టుకుంటుందో ఆ లెక్క. మీ రిపోర్టు నిజమయ్యే అవకాశం కాదు.

సీవీఎస్ (మాయ నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) ఇప్పుడే చేయొచ్చు, కానీ అందులో చూసేదీ మాయనే కనుక ఎన్‌ఐపీటీ పొరబడిన చోటే పొరబడొచ్చు. స్కాన్ బాగుంది కాబట్టి 16వ వారం దాకా ఆగి ఉమ్మనీటి పరీక్ష చేయించడం మేలు. స్కాన్‌లో చూస్తూ సన్నటి సూదితో 15–20 మిల్లీలీటర్లు తీస్తారు. మొదటి ఒకటి రెండు మిల్లీలీటర్లు వాడరు, సూదికి అంటిన తల్లి కణాలు కలిస్తే రిపోర్టు తారుమారవుతుంది. అనుభవమున్న చేతుల్లో గర్భం పోయే ప్రమాదం 200కి ఒకటి కంటే తక్కువ. ఆమెది నెగటివ్ బ్లడ్ గ్రూపైతే, బిడ్డ రక్తానికి ఆమె ఒంట్లో యాంటీబాడీలు తయారవకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి ముందే అడగండి. ఫిష్ రిపోర్టు (కొన్ని క్రోమోజోములనే త్వరగా చూసేది) రెండు మూడు రోజుల్లో, క్యారియోటైప్ (క్రోమోజోములన్నీ చూసేది) రెండు మూడు వారాల్లో వస్తాయి.

అంటే దాదాపు 19వ వారానికి విషయం తేలుతుంది. గర్భస్రావ చట్టానికి (ఎంటీపీ) 2021లో వచ్చిన సవరణ ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు, బిడ్డలో లోపముంటే 24 దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం చాలు. తొందరపడాల్సిన పనిలేదు.

సంతకం మాత్రం ఆమెదే. ఉమ్మనీటి పరీక్షకి ఆమెకి అర్థమయ్యే భాషలో రాతపూర్వక సమ్మతి తీసుకుని, దాని ప్రతి ఆమె చేతికివ్వాలని పీసీపీఎన్‌డీటీ చట్టం (పుట్టకముందు చేసే పరీక్షల్ని నియంత్రించేది) చెబుతోంది. తమిళ ఫారం చదవలేకపోతే తెలుగులో అడగండి. గర్భం తీయించడానికీ 18 నిండిన స్త్రీ సమ్మతి ఒక్కటే కావాలి. మీదీ మీ అమ్మగారిదీ చట్టం అడగదు. ఇంట్లో ఈ మాట గట్టిగా చెప్పాల్సింది మీరే.

ఫలితం నిజమే అయితే, నిర్ణయానికి ముందు ఆమెని అలాంటి పిల్లలున్న ఇళ్లకి తీసుకెళ్లండి. డౌన్ సిండ్రోమ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా చెన్నైలోనే ఉంది. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది, చాలావాటికి ఆపరేషన్ ఉంది. నడక, మాట ఆలస్యమైనా వస్తాయి. ఇవన్నీ కళ్లారా చూశాక ఉంచుకోవాలన్నా వద్దన్నా ఆమె ఇష్టం, ఎవరూ తప్పుపట్టకూడదు.

మీది మేనరికమైతే ఇంకొకటి. మామూలు ఎన్‌ఐపీటీ తలసీమియా (రక్త జబ్బు), ఎస్‌ఎంఏ (కండరాలు బలహీనపడే జబ్బు) లాంటి వంశపారంపర్య జబ్బులు చూడదు. మీకు జబ్బు లేకపోయినా దాని జన్యువు ఉందేమో చూసే క్యారియర్ పరీక్ష ఇద్దరూ ఈ వారమే చేయించుకోండి, అవసరమైతే అదే ఉమ్మనీటిలో వాటినీ చూడొచ్చు.