సైదమ్మ అన్న పేరు ఎక్కడిది?

సందేహం: మాది హుజూర్‌నగర్ దగ్గర పల్లె. మా అత్తమ్మ పేరు సైదమ్మ. మొన్న పుట్టిన మనవరాలికి ఆమె పేరు కలిసేలా పెట్టాలని నా కోరిక. 'సైచు' అంటే ఓర్చుకోవడం కాబట్టి సైదమ్మ అంటే ఓర్పుగల తల్లి అని మా చుట్టాల్లో ఒక తెలుగు పంతులు చెప్పారు. మా అబ్బాయేమో ఫోన్‌లో వెతికి 'సైద్వి' అని పెడదాం, అది సంస్కృతం, లక్ష్మీదేవి పేరు అంటున్నాడు. ఏది నిజం?

సమాధానం: రెండూ కావమ్మా. మీ అత్తమ్మ పేరు వచ్చింది మీకు కూతవేటు దూరంలో ఉన్న పాలకవీడు మండలం జాన్‌పహాడ్ దర్గా నుంచి. అక్కడ జనం కొలిచే సైదులుకు మొక్కుకుంటే పుట్టిన మగపిల్లవాడు సైదులు, ఆడపిల్ల సైదమ్మ. మీ వైపు సైదిరెడ్డి, సైదయ్య కూడా ఆ కోవలోవే. జనవరిలో ఉర్సు అనే దర్గా ఉత్సవం నాడు గంధం ఊరేగింపు చూడ్డానికి వచ్చేవాళ్లలో, మేకపోతును కోసి కందూరు అనే మొక్కు విందు చేసి ఫాతెహా ప్రార్థన చదివించేవాళ్లలో హిందువులు ఎంతమందో మీకు నేను చెప్పాలా!

మాట సంగతికి వస్తే, అరబీలో 'సయ్యిద్' అంటే ప్రభువు, పెద్ద. మహమ్మద్ ప్రవక్త కూతురు ఫాతిమా సంతతివారికి అది గౌరవ నామం. ఉర్దూలో సయ్యద్ అయింది. మన నోట అయిదు ఐదైనట్టే సయ్యదు సయిదై, సైదు అయింది. చివరి 'ఉ' తెలుగు తగిలించుకున్నది. దానికి గౌరవంగా 'లు' చేర్చి సైదులు అన్నాం, రాముడిని రాములు అన్నట్టు. 'అమ్మ' చేరిస్తే సైదమ్మ. వేరు అరబీ, కట్టుబడి అంతా తెలుగు.

పంతులుగారి మాట వినడానికి బాగుంది గానీ నిలవదు. సైచు నుంచి సైచిన, సైరణ, సైరించు వస్తాయి, 'ద' రాదు. అంతకన్నా గట్టి సాక్ష్యం భూగోళం ఇస్తుంది. పేరు ఓర్పు నుంచే పుట్టి ఉంటే తెలుగునేల అంతటా ఉండాలి కదా? సైదులు, సైదమ్మలు గుంపుగా కనిపించేది హుజూర్‌నగర్, మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల్లో, కృష్ణ దాటితే పల్నాడులో. శ్రీకాకుళం వెళ్లి సైదమ్మా అని పిలిస్తే పలికేవాళ్లు దొరకడం కష్టం. అక్కడ సింహాచలం అప్పన్న పేరున అప్పలమ్మలు పలుకుతారు.

దీనికి తలకిందుల ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. యాదమ్మ అన్న పేరు వినగానే కొందరు 'యాది' గుర్తుచేసుకుని, జ్ఞాపకం కాబట్టి ఉర్దూ అంటారు. యాది నిజంగానే ఫారసీ నుంచి వచ్చింది. కానీ యాదమ్మకు దానితో చుట్టరికం లేదు. ఆమె యాదగిరిగుట్ట నరసింహస్వామి బిడ్డ. గుట్ట పేరును యాదర్షి అనే ముని కథతో చెబుతారు. పాలమూరు వైపు కుర్మయ్య, కుర్మమ్మ అన్న పేర్లు కురుమూర్తి స్వామివి. మన అవ్వల పేర్లకు అర్థం కావాలంటే ముందు నిఘంటువు కాదు, ఏ జాతరకు బండి కట్టేవారో అడగాలి.

ఇక సైద్వి. ఆ మాట సంస్కృతంలో లేదు. మీవాడికి ఫోన్ ఇచ్చిన అర్థం ఎవరో అంటగట్టింది. పేర్ల జాబితాల్లో ఏ రెండక్షరాలు కలిపినా లక్ష్మో సరస్వతో అయిపోతుంది, కొత్త అమ్మానాన్నల టెన్షన్ వాళ్లకు వ్యాపారం. సంస్కృత స్త్రీ పదాల్లో ఇలా వత్తుగా 'వి' ఊరికే రాదు. తను నుంచి తన్వి, మృదు నుంచి మృద్వి, సాధు నుంచి సాధ్వి, అంటే ఉకారాంత పదానికి స్త్రీవాచకమైన 'ఈ' చేరినప్పుడు వస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ లెక్కన సైద్వికి మూలం సైదు కావాలి! తిరిగి తిరిగి మళ్లీ దర్గా మెట్ల దగ్గరికే వచ్చాడు మీవాడు, కాకపోతే ఆ ఉకారం సంస్కృతానిది కాదు.

'సైదా' అని పెట్టుకోవచ్చా అని మీకు తోచవచ్చు. పెట్టుకోవచ్చు, సయ్యిద్‌కు అరబీ స్త్రీరూపం సయ్యిదా. దీర్ఘం జరిపి సయీదా అంటే మాత్రం వేరే మాట, అదృష్టవంతురాలు అని అర్థం. అదీ చెడ్డది కాదు గానీ మీ అత్తమ్మ పేరు అది కాదు.

నన్నడిగితే, పిలుపుకు మీ అబ్బాయి, కోడలు మెచ్చిన పేరేదో పెట్టి, దాని పక్కన సైదమ్మ అని పూర్తిగా రాయించండి. జనన ధ్రువపత్రంలో తెలుగులో కూడా సరిగా పడిందో లేదో దగ్గరుండి చూసుకోండి. ఇంగ్లిష్ అక్షరాల్లో మాత్రమే ఉంటే బడిలో కొత్త టీచరు సెడమ్మా అని హాజరు పిలుస్తుంది.