పీహెచ్‌డీ దాకా చదివించే స్తోమత లేకపోతే?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. అమ్మాయి నల్లగొండలో బీఎస్సీ మ్యాథ్స్ ఫైనలియర్. ఎమ్మెస్సీ చేసి రీసెర్చ్‌కు వెళ్తానని పట్టుబడుతోంది. బీఈడీ చేసి టీచర్ అయితే చాలని మా ఆలోచన. పీహెచ్‌డీ దాకా చదివించే స్తోమత మాకు లేదు. ఏం చేయమంటారు?

జవాబు: చదివించండి. డబ్బు గురించి మీ టెన్షన్ నాకర్థమైంది. కానీ మీరు భరించాల్సింది ముఖ్యంగా ఎమ్మెస్సీ రెండేళ్లే. ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) అయ్యాక రూ.42,000 ఫెలోషిప్ వస్తుంది. గణితం వాళ్లకు నేషనల్ బోర్డ్ ఫర్ హయ్యర్ మ్యాథమెటిక్స్ స్కాలర్‌షిప్‌లు అదనపు దారి. బీఈడీ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ తర్వాతైనా చేయొచ్చు.

నేను అడిగేది వేరు. అమ్మాయికి లెక్కలు చేయడం ఇష్టమా, నిరూపణలు రాయడం ఇష్టమా? డిగ్రీలో సిద్ధాంతాలు బట్టీపట్టినా మార్కులు పడతాయి, పరిశోధనలో అది నడవదు. ఈ ఆదివారం రియల్ అనాలిసిస్ పుస్తకం మూసేసి, ‘అభిసరించే ప్రతి అనుక్రమం పరిబద్ధం’ (అంటే, ఒక సంఖ్యకు అంతకంతకూ చేరువయ్యే సంఖ్యల వరుస ఎప్పుడూ హద్దుల్లోనే ఉంటుంది) అని సొంతంగా నిరూపించమనండి. తర్వాత తిరగేసి అడగండి: పరిబద్ధమైన ప్రతి అనుక్రమం అభిసరిస్తుందా? హద్దుల్లోనే ఉన్నా ఏ ఒక్క సంఖ్యకూ చేరువకాని 1, -1, 1, -1 లాంటి వరుసను తనే పట్టుకుంటే మంచి సూచన. వెంటనే తట్టకపోయినా ఫర్వాలేదు. గంటసేపు కుస్తీపట్టి, అన్నానికి పిలిచినా లేవకపోతే మాత్రం ఆ పిల్లను ఆపకండి!

నెట్ కూడా ఈ గుణాన్నే పరీక్షిస్తుంది. గణితం పేపర్ పార్ట్-సీలో ఒక్కో ప్రశ్నకు ఒకటికి మించి సరైన జవాబులు ఉండొచ్చు. అన్నీ గుర్తిస్తేనే 4.75 మార్కులు, ఒక్కటి వదిలినా సున్నా. ఈ పార్ట్‌లో నెగెటివ్ మార్కులు లేవు గానీ, షార్ట్‌కట్‌లు పనిచేయవు.

ప్రవేశాలకు మూడు పరీక్షలూ రాయించండి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ-పీజీ, ఉస్మానియా, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలకు సీపీగెట్. జామ్ ఫిబ్రవరిలో జరుగుతుంది, దరఖాస్తులు సెప్టెంబరు ప్రాంతంలోనే మొదలవుతాయి. చాలామంది డిగ్రీ అయ్యాక చూద్దాంలే అనుకుని ఏడాది పోగొట్టుకుంటారు. మంచి ర్యాంకొస్తే ఐఐటీకో సెంట్రల్ యూనివర్సిటీకో పంపండి. చుట్టూ రీసెర్చ్ స్కాలర్లు, వారం వారం సెమినార్లు ఉండే చోట చదువు తీరే వేరు. నల్లగొండలోనే సీటొచ్చినా దిగులొద్దు, మొదటి సెమిస్టర్ నుంచే నెట్ సిలబస్ పక్కన పెట్టుకుని చదవమనండి.

ఆదాయ, కుల ధ్రువపత్రాలు ఇప్పుడే మీసేవలో తీసి పెట్టండి. మీరు బీసీలైతే కేంద్ర సంస్థలకు ఓబీసీ సర్టిఫికెట్ వేరే ఫార్మాట్‌లో కావాలి, దాన్నీ విడిగా అడగండి.