మరిది చీటీకి జామీను, డబ్బాలో వచ్చిన వాగ్దానం

ప్రశ్న: అమ్మగారికి ప్రభువు పేరట వందనాలు. నేను బాపట్ల జిల్లాలో ప్రభుత్వ బడిలో టీచర్ని. మా మరిది 5 లక్షల చీటీ కడుతున్నాడు. నెలకి 10,000 చొప్పున 50 నెలలు. ట్రాలీ ఆటో కొనాలని ఎనిమిదో నెలలోనే పాడేసుకున్నాడు. డబ్బు చేతికి రావాలంటే గవర్నమెంటు ఉద్యోగి జామీను కావాలట. శనివారంలోగా సంతకం పెట్టమంటున్నాడు. ఉపవాసముండి ప్రార్థించి, బైబిలు వాగ్దానాలు అచ్చు వేసిన కార్డులుండే డబ్బాలోంచి ఒక కార్డు తీశాను. యెషయా 41:10 వచ్చింది: "నీకు తోడైయున్నాను భయపడకుము". "దేవుడే చెప్పాడు, ఇంకేం కావాలి? యేసయ్య మనకి పూటకాపు (జామీనుదారు) కాలేదా?" అంటున్నారు అత్తయ్య. మావారు "నీ జీతం, నీ ఇష్టం" అని ఊరుకున్నారు. నాకేమో మనసులో సమాధానం లేదు. ఇది దేవుడు ఆపడమా, నా అవిశ్వాసమా?
- ఒక సహోదరి

జవాబు: అమ్మా, వందనాలు. ముందు ఆ కార్డు సంగతి తేల్చేద్దాం. అందులో ఉన్న మాట నిజం. మీరు సంతకం పెట్టినా దేవుడు తోడుంటాడు, పెట్టకపోయినా తోడుంటాడు. అంటే ఆ కార్డు మీరడిగిన దానికి జవాబు కాదు. చెరలో చెదిరిపోయిన ఇశ్రాయేలుకి ధైర్యం చెప్పిన మాటని చీటీ జామీనుకి సిఫార్సు ఉత్తరం చేయకండి. అసలు ఆ డబ్బాలో "వద్దు" అని చెప్పే కార్డు ఉంటుందా? అన్నీ దీవెనలే కదా వేస్తారు! సామెతలు 22:26 అచ్చు వేసిన కార్డు నేనైతే ఇంతవరకు చూడలేదు. అప్పులకి పూటబడేవాళ్ళతో చేరొద్దనీ, తీర్చడానికి ఏమీ లేకపోతే కిందున్న పరుపు కూడా లాక్కుపోతారనీ అక్కడుంది. ఆరో అధ్యాయమైతే, ఇప్పటికే మాటిచ్చి ఇరుక్కుని ఉంటే నిద్ర కూడా పోకుండా వెళ్ళి బతిమాలుకుని బయటపడమంటుంది. మీరింకా మాటివ్వలేదు. అది మంచిదైంది.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషిని. జామీనుదారులకి నోటీసు వెళ్ళాక వాళ్ళు కౌంటరు దగ్గరికొచ్చి అనే మాట ఒక్కటే: "ఊరికే సంతకమే అన్నారండీ". కాగితాలు ముందు పెట్టి, పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేయమంటారు, వీళ్ళు చేసేస్తారు. పైన ఏముందో చదివినవాళ్ళు అరుదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో పూచీ ఉన్నవాళ్ళకీ అంతే. ముందు మరిదిని అడిగి, ఆ తర్వాతే మీ దగ్గరికి రావాలనే నియమం లేదు. మీ విషయంలో ఇంకా 42 నెలలుంది. నెలకి 10,000 అంటే 4,20,000. డివిడెండు పోను కొంత తగ్గొచ్చు, అది వేరే సంగతి. అతను కట్టడం మానేసి వ్యవహారం కోర్టు డిక్రీ (తీర్పు) దాకా వెళ్తే, మీ జీతంలో మొదటి 1,000 పక్కనపెట్టి మిగతాదాంట్లో మూడో వంతు దాకా జప్తు చేయొచ్చు. గవర్నమెంటు ఉద్యోగి జామీనే కావాలనడం మీ మీద గౌరవంతో కాదమ్మా.

యెహోషువ గ్రంథం తొమ్మిదో అధ్యాయం ఈ రాత్రి చదవండి. గిబియోనువాళ్ళు బూజుపట్టిన రొట్టె, చినిగిన తిత్తులు చూపించి దూరదేశంనుంచి వచ్చామన్నారు. ఇశ్రాయేలు పెద్దలు ఆ రొట్టె చూసి నమ్మేశారు, దేవుణ్ణి మాత్రం అడగలేదు. మీది తిరగబడిన కేసు. దేవుణ్ణి అడిగారు, రొట్టె చూడలేదు. మరిది పాస్‌బుక్ చూశారా? ఆ ఎనిమిది వాయిదాలూ గడువులోగా కట్టాడా, ఎవరి దగ్గరైనా చేబదులు తెచ్చి కట్టాడా? చీటీ రిజిస్ట్రారు దగ్గర నమోదైనదేనా? మీతోపాటు ఇంకెవరైనా జామీను ఉన్నారా, మీరొక్కరేనా? ఆటోకి కిరాయిలు ఎక్కణ్ణించి వస్తాయి, డీజిలూ రిపేర్లూ పోను నెలకి 10,000 మిగులుతుందా? జ్ఞానం కొదువైతే అడగమన్నాడు యాకోబు. అడిగాక కాగితం తిప్పి చూడొద్దని అనలేదే!

సమాధానం సంగతి కూడా చెప్తాను. క్రీస్తు సమాధానం మీ హృదయాల్లో ఏలనివ్వండి అనే కొలొస్సయులకి 3:15ని మనం బాగా వాడేస్తున్నాం. అక్కడి మాట సంఘంలో ఒకరితో ఒకరు ఎలా మెలగాలన్న దాని గురించి, సంతకం గురించి కాదు. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు మనసు నెమ్మదిగా ఉందా? గుబులుగా ఉందని దేవుడు ఆపుతున్నాడనీ అనలేం, విశ్వాసం లేదనీ అనలేం. మీకది లెక్క చూడకుండా వచ్చిన భయం. లెక్క చూశాక ఏం మిగులుతుందో అప్పుడు చూద్దాం.

అత్తయ్యగారి మాట కొట్టిపారేసేది కాదు. హెబ్రీ పత్రిక ఏడో అధ్యాయంలో యేసు గురించి ఆ పూటకాపు మాట ఉంది. యూదా తన తమ్ముడు బెన్యామీను కోసం పూటపడ్డాడు. పౌలు, దాసుడైన ఒనేసిము బాకీ తన లెక్కలో వేయమని, నేనే తీరుస్తానని తన చేత్తో రాసిచ్చాడు. ఈ ముగ్గురిలో ఒక్కరూ "మనదాకా రాదులే" అనుకుని పూచీ పడలేదు. కాబట్టి 4,20,000 మీరే కట్టాల్సొచ్చినా పిల్లల ఫీజులు ఆగకుండా, మరిది మీద కక్ష పెట్టుకోకుండా కట్టగలమనుకుంటే పెట్టండి. అది ప్రేమే. కట్టలేమనుకుంటే పెట్టొద్దు. పోతే పోయిందనుకోగలిగిన సొమ్ము ఓ 20,000, 30,000 ఆటోకని చేతిలో పెట్టండి, తిరిగి అడక్కండి.

ఇక మీవారు. "నీ ఇష్టం" అన్నది మర్యాదగా ఉంది గానీ, అన్నదమ్ముల మధ్య మాట వదినగారి మీద వేయడమేమిటి? పాస్‌బుక్ తెమ్మని తమ్ముణ్ణి అడగాల్సింది ఆయనే, కాదని చెప్పాల్సొస్తే అత్తయ్యగారికి చెప్పాల్సిందీ ఆయనే. ఈ పేజీ ఆయన చేతికివ్వండి. శనివారం గడువు చీటీవాళ్ళది, దేవుడిది కాదు. కాగితాలు చూడ్డానికి ఇంకో వారం కావాలని చెప్పమనండి.