ల్యాన్ కేబుల్ నాలుగు మీటర్లు చాలకపోతే అతుకు వేయవచ్చా?

ఇంట్లో రౌటర్ నుంచి కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తెచ్చే ల్యాన్ కేబుల్ నాలుగు మీటర్లు తక్కువైంది, మరో ముక్కను చేతితో మెలిపెట్టి టేపు చుడితే సరిపోతుందా, లేక మొత్తం కొత్త వైరు వేయాలా అని మీరు అడిగారు. టేపు అతుకు మాత్రం వేయకండి. ఆ పని చేసి, ఏడాదిన్నర పాటు ఫలితం అనుభవించి, తప్పంతా ఇంటర్నెట్ వారిదేనని వారితో తగవు పెట్టుకున్నవాణ్ణి కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

2020 మార్చిలో హైదరాబాదు నుంచి కాకినాడలోని మా అత్తగారింటికి వెళ్లి లాక్‌డౌన్‌లో అక్కడే ఉండిపోయాము. రౌటర్ కింద హాల్లో టీవీ పక్కన ఉండేది, నా ఆఫీసు పని మేడ మీద గదిలో. స్లాబు దాటి వైఫై సరిగా అందడం లేదని కిటికీ గుండా వైరు లాగితే అది పై గది సన్‌షేడ్ దాకా వచ్చి ఆగిపోయింది. దుకాణాలు మూసి ఉన్నాయి. అటక మీద దొరికిన పాత ల్యాన్ వైరు ముక్కను, కూరగాయల కత్తితో తోలు ఒలిచి, మామగారు టార్చి పట్టుకోగా అతికించడం మొదలుపెట్టాను.

కేబుల్ లోపల ఎనిమిది తీగలు రెండేసి చొప్పున నాలుగు జతలుగా మెలితిరిగి ఉంటాయి. ప్రతి జతలో ఒకటి రంగుది, మరొకటి తెలుపుది. ఆ తెలుపు మీద సన్నని రంగు గీత ఉండాలి గాని, మా అటక మీది వైరులో ఆ గీత కూడా లేదు. ఏ తెలుపు దేనికి జతో మెలిక చూసి పోల్చుకోవలసిందే. నారింజ, ఆకుపచ్చ జతలు కలిపే వరకు నాకు ఓపిక ఉంది. ఆ తరువాత మిగిలిన మెలికలన్నీ ఒక్కసారే విప్పేసి, నీలం, గోధుమ జతల తెలుపు తీగలలో ఏది చేతికి అందితే దానిని కలిపి, టేపు చుట్టేశాను. ఇంటర్నెట్ వెంటనే వచ్చింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

వంద ఎంబీపీఎస్ వేగానికి నారింజ, ఆకుపచ్చ జతలు రెండే చాలునని, అంతకు మించిన గిగాబిట్ (వెయ్యి ఎంబీపీఎస్) వేగానికి నాలుగు జతలూ సరిగ్గా కలవాలని అప్పటికి నాకు తెలియదు. 2021లో ప్లాను మూడు వందలకు పెంచుకున్నాక కింద వైఫైలో దాదాపు అంత వేగమూ వచ్చేది, మేడ మీద వైరులో మాత్రం తొంభై నాలుగు దాటేది కాదు. ఫిర్యాదు చేస్తే వచ్చిన ఒక అబ్బాయి లాప్‌టాప్ పాతదన్నాడు, మరొకరు రౌటర్ మార్చమన్నాడు. ఇద్దరిలో ఒక్కరైనా తలెత్తి సన్‌షేడ్ కింద వేలాడుతున్న టేపు ఉండను చూసిన పాపాన పోలేదు. చూపించవలసింది నేనే అన్నది వేరే మాట.

ఆ ఏడాది అక్టోబరు వానల్లో ఒక రాత్రి ఆ తొంభై నాలుగూ పోయింది. టేపు కోసి చూస్తే ఒక వైపు రాగి ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది, రెండో వైపు తెల్లని పొడి రాలింది. అటక మీది వైరు రాగిది కాదు, రాగి పూత పూసిన అల్యూమినియం. రాగి, అల్యూమినియం ఒకదానికొకటి ఆనుకుని తడిస్తే అల్యూమినియం తినేసుకుపోతుంది. కాకినాడ ఉప్పుగాలి సంగతి చెప్పనక్కర లేదు. ఇలాంటి వైరును రాగి వైరుగా అమ్మే దుకాణాలూ ఉన్నాయి కాబట్టి కొనేటప్పుడు తీగ కొసను బ్లేడుతో గీకి చూడండి, లోపల వెండిలా మెరిస్తే తిరిగి ఇచ్చేయండి. మన ఇళ్లలో ఇంటర్నెట్ మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇలాంటి అతుకుల వల్లనేనని నా గట్టి నమ్మకం.

పొడవు పెరుగుతుందని మీరు భయపడవలసిన పని లేదు. ఈ వైరు వంద మీటర్ల దాకా పనిచేస్తుంది, అంత పొడవు మామూలు ఇళ్లలో రాదు. కొత్తది వేయడం కుదరకపోతే రెండు కొసలకూ ప్లగ్గులు బిగించి మధ్యలో కప్లర్ (రెండు ప్లగ్గులను ఎదురెదురుగా కలిపే చిన్న ముక్క) పెట్టండి, అదీ వాన తగలని చోట. మధ్యలో కరెంటు పాయింటు ఉంటే చిన్న నెట్‌వర్క్ స్విచ్ (ల్యాన్ వైర్లను కలిపే, కరెంటుతో నడిచే పెట్టె) ఇంకా మంచిది, కాని దాని పెట్టె మీద 10/100 అని మాత్రమే రాసి ఉంటే కొనకండి, మళ్లీ నా తొంభై నాలుగు దగ్గరే ఆగుతారు. గదిగదికీ ఏసీ పాయింటు పెట్టే బిల్డర్లు గోడలో ఒక ఖాళీ పైపు వదిలి ఉంటే మనకు ఈ గొడవే ఉండేది కాదు. పైపు లేదని కరెంటు వైర్ల పైపులోనే దీన్నీ దూర్చకండి.

నేను చివరికి ఇరవై రెండు మీటర్ల రాగి క్యాట్ 6 రకం ల్యాన్ కేబుల్ ఒకే ముక్కగా వేయించాను. మీరు కొలిచేటప్పుడు మలుపులు కలుపుకుని మరో రెండు మీటర్లు ఎక్కువే తీసుకోండి. ప్లగ్గులో తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ వరుస రెండు కొసలా ఒకేలా ఉండాలి. నాకు మొదటి ప్లగ్గు కుదిరేసరికి మూడుసార్లు కొస కత్తిరించవలసి వచ్చింది.