మాల్దీవులకు టీచరుగా వెళ్తానంటున్న మా మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి పెద్దమామయ్య ఆశీస్సులు.

నువ్వు మాల్దీవుల్లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం చూసుకుంటున్నావని మీ అమ్మ చెప్పగానే ఇంట్లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆ తర్వాతే అసలు మాట చెప్పింది. "ముందు టికెట్ కొనుక్కుని వెళ్లండి, వీసా సంగతి అక్కడ చూసుకోవచ్చు" అన్నాడట ఏజెంటు. అప్పట్నుంచీ నాకు నిద్ర పట్టడం లేదు.

తేలిక పనులు ముందు చెప్పేస్తాను. డిగ్రీలో ఇంగ్లీషు, పైన బీఈడీ ఉన్నాయి కాబట్టి చదువుకు ఢోకా లేదు. సర్టిఫికెట్లకు రాష్ట్ర ప్రభుత్వం దగ్గరా, తర్వాత విదేశాంగ శాఖ దగ్గరా అటెస్టేషన్ చేయించు. పాస్‌పోర్టు ఆఫీసు నుంచి పోలీసు క్లియరెన్సు తెచ్చుకో. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఆ తేడా ఇక్కడే సరిచేయించు. అక్కడ చదువుల సర్టిఫికెట్లు సరిచూసే క్వాలిఫికేషన్స్ అథారిటీ వాళ్లు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తారు.

ఇక అసలు సంగతి, నిదానంగా చదువు. మనవాళ్లు ఏళ్ల తరబడి చేస్తున్న తప్పు, టూరిస్టు వీసా మీద ఉద్యోగానికి వెళ్లడం. మాల్దీవుల్లో దిగిన భారతీయులకు 90 రోజుల వీసా ఉచితంగా ఇస్తారు. ఏజెంట్లకు అదే ఊతం. విమానం ఎక్కించడం వాళ్లకు చిటికెలో పని. ఎక్కించాక వాళ్ల బాధ్యత తీరిపోతుంది, నీ కష్టం మొదలవుతుంది. ఆ వీసా మీద ఒక్కరోజు పాఠం చెప్పినా చట్టవిరుద్ధమే. పట్టుబడితే ఇంటికి పంపేస్తారు. పట్టుబడకపోయినా, జీతం ఆపేసిన యజమానిని గట్టిగా అడగలేవు, ఎందుకంటే అక్కడ పనిచేస్తున్నట్టు నీ దగ్గర ఏ ఆధారమూ ఉండదు.

సరైన వరస వేరు. స్కూలు గానీ అక్కడి విద్యాశాఖ గానీ నీ పేరు మీద ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఆ కాగితం చేతికొచ్చాకే టికెట్. దిగాక వైద్య పరీక్ష, ఆ తర్వాత వర్క్ పర్మిట్ కార్డు. అనుమతి కాగితంలో మూడు చూడు: నీ పాస్‌పోర్టు నంబరు, యజమాని పేరు, ఉద్యోగం పేరు. ఉద్యోగం దగ్గర టీచరు అని కాకుండా ఇంకేదైనా రాసి ఉంటే కదలకు. "తర్వాత మార్పిస్తాం" అంటారు, నమ్మకు.

ఇంత తెలిసినవాళ్లు కూడా ఎందుకు పడిపోతారంటే, అప్పటికే డబ్బు ఇచ్చేసి ఉంటారు. ఇచ్చిన డబ్బు పోతుందన్న భయం కాళ్లను విమానం దాకా నడిపిస్తుంది. అందుకే కాగితాలు చూసేదాకా పైసా ఇవ్వకు. ఏజెంటు లైసెన్సు మన విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉందో లేదో చూడు. లైసెన్సు ఉన్నవాడైనా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. మాల్దీవుల విద్యాశాఖ స్వయంగా ఇచ్చే ప్రకటనలు కూడా చూస్తూ ఉండు, అక్కడ ఏజెంటుతో పనే లేదు.

ఒప్పందంలో దీవి పేరు రాయించుకో. "రాజధాని మాలే దగ్గరే" అని నోటితో అంటారు. అడ్డూ అనే దీవుల గుంపు మాలేకి 500 కిలోమీటర్లకు పైగా దక్షిణాన, భూమధ్యరేఖ దాటాక ఉంటుంది. ఇల్లు ఎవరిస్తారు, రానుపోను టికెట్ ఎవరిది, లోపలి విమానం, పడవ ఖర్చు ఎవరిదీ అని అడుగు. అక్కడి 2008 ఉపాధి చట్టం ప్రకారం ప్రొబేషన్ మూడు నెలలు మించకూడదు, ఏడాదికి 30 రోజుల సెలవు ఉంది.

జీతం అక్కడి డబ్బు రుఫియాల్లో వస్తుంది. ఇంటికి పంపాలంటే డాలర్లు కావాలి, బ్యాంకులు వాటిని కొద్దికొద్దిగానే ఇస్తాయి. అధికారిక రేటు డాలరుకు 15.42 రుఫియాలు, బయట కొంటే ఇంకా ఎక్కువ. నెలనెలా ఇంత వస్తుందని లెక్కేసి ఇక్కడ బ్యాంకు అప్పు తీయొద్దని మీ నాన్నకు చెప్పు.

నా గుబులంతా సముద్రం. మే నుంచి నైరుతి గాలులు వీచినన్నాళ్లూ స్పీడ్‌బోటు ముందు భాగంలో కూర్చోకు, కుదుపంతా అక్కడే. వెనక కూర్చో. లైఫ్ జాకెట్ పక్కన పెట్టుకోవడం కాదు, తొడుక్కో. ఎవరు నవ్వినా సరే. వాతావరణ హెచ్చరిక ఉన్నరోజు ప్రయాణం వాయిదా వెయ్యి, స్కూలు ఎక్కడికీ పోదు. సర్టిఫికెట్లు నీళ్లు దిగని సంచిలో పెట్టి భుజానికి తగిలించుకో.

మీ అమ్మ వెండి వినాయకుణ్ణి నీ పెట్టెలో పెట్టబోతుంది. వద్దని చెప్పు. పూజా విగ్రహాలు, మద్యం, పంది మాంసం దేశంలోకి రానివ్వరు. అమ్మ మనసు కష్టపెట్టకుండా చెప్పు తల్లీ. కందిపప్పు, చింతపండు, కారం మాత్రం సర్దుకో. చిన్న దీవుల్లో కూరగాయలు పడవ వస్తేనే.

ఇంటర్వ్యూలో పాఠం చెప్పమంటే బోర్డు నిండా గ్రామర్ రాసే ఆ ట్యూషన్ అలవాటు మానుకో, ఎన్నిసార్లు చెప్పాను! ఆ పిల్లలు ఇంట్లో దివేహీ మాట్లాడి, బడిలో లెక్కలూ సైన్సూ కూడా ఇంగ్లీషులో చదువుకుంటారు. వాళ్లచేత మాట్లాడించు. పై తరగతులకు కేంబ్రిడ్జ్ పరీక్షలుంటాయి, పాత ప్రశ్నపత్రాలు తీసి నువ్వే రాసి చూసుకో. నీకు పిల్లల్ని నవ్విస్తూ చెప్పడం వచ్చు, అది అందరికీ రాదు.

సంతకం పెట్టేముందు ఒప్పందం ప్రతి పేజీ ఫొటో తీసి నాకు పంపు. ఎంత రాత్రయినా చదివే పడుకుంటాను.

నీ
పెద్దమామయ్య