కావలిలో పడకగదికి టేకు నేల: పాత కలపే మేలు

నమస్కారం అండి. కావలిలో కింది అంతస్తులోని 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల పడకగదిలో నాపరాళ్ల మీద టేకు పలకలు పరచాలని ఉందని, కొత్త టేకు ధర భరించలేమని రాశారు. పాత ఇళ్లు విప్పినప్పుడు వచ్చే టేకు దూలాలు, వాసాలు కొని కోత మిల్లులో పలకలుగా కోయించుకోండి. ఏళ్ల తరబడి ఆరిన కలప గనుక అది అంత సులువుగా వంకర్లు తిరగదు. పుచ్చు, చెదలు లేవని చూసి, మేకులన్నీ పీకించాకే కోతకు పంపండి. తరుగుతో కలిపి 132 చదరపు అడుగులు సరిపోతాయి.

కలప కొనే ముందు నేల చెమ్మ చూడటం అన్నిటికంటే ముఖ్యం. ఒక పాలిథిన్ ముక్కను నాపరాళ్ల మీద నాలుగు అంచులా టేపుతో అంటించి, రెండు రోజుల తర్వాత తీసి చూడండి. అడుగున తడి కనిపిస్తే, దాని కారణం కనుక్కుని సరిచేసే వరకు దయచేసి చెక్క జోలికి వెళ్లకండి, ఎందుకంటే కింది నుంచి వచ్చే చెమ్మను పైన వేసే ఏ పాలిషూ ఆపలేదు.

పొడిగా ఉంటే మందపాటి పాలిథిన్ పరచి, చెదల మందు పట్టించిన రీపర్లను (సన్నని చెక్క పట్టీలను) అడుగుకొకటి చొప్పున బిగించి, వాటిపై పలకలు కొట్టించండి. పలకలను ముందుగా రెండు వారాలు అదే గదిలో పేర్చి ఉంచాలి. గోడల వెంట అర అంగుళం ఖాళీ వదలమని వడ్రంగికి గట్టిగా చెప్పండి. దాన్ని గోడ అడుగున కొట్టే స్కర్టింగ్ పట్టీ కప్పేస్తుంది. మే నెల ఎండల్లో ఆరిన పలకలను సందు లేకుండా బిగిస్తే, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన వైపు పడే వానలకు ఉబ్బి పైకి లేస్తాయి; అందువల్ల జనవరి, ఫిబ్రవరి నెలల్లో పని పెట్టుకోవడం మంచిది. నేల ఎత్తు పెరుగుతుంది గనుక తలుపు అడుగును కోయించే కూలి కూడా లెక్కలో వేసుకోండి.